కాటా మీద ఉండగా

ఫోను చొక్కా జేబులో పెట్టుకున్నాక కూడా వదిన గొంతు చెవిలోంచి దిగలేదు. మీ అన్నయ్య అమ్మాయిని అడుగుతున్నారు, కళ్ళు తెరిచినప్పుడల్లా అదే మాట, దగ్గరివాళ్ళని పిలిపించుకోమని డాక్టరమ్మ చెప్పి వెళ్ళింది, ఏం చేయమంటావ్. అతను గోడవైపు తిరిగి గొంతు తగ్గించి, ఇప్పుడే లోపలికి వెళ్ళింది వదినా, పరీక్ష మొదలైంది, అవగానే టాక్సీ ఎక్కించి తీసుకొచ్చేస్తా అన్నాడు. సరే, అక్కడున్నవాడివి నువ్వు, నీకెలా తోస్తే అలా చెయ్యి, అంది ఆవిడ. కోప్పడలేదు, ఏడవలేదు. అదే ఇబ్బందిగా ఉంది. ఎదుటివాడు గట్టిగా అడిగితే గట్టిగా కాదనొచ్చు, ఉల్లిపాయల మండీలో ఇన్నేళ్ళుగా అతను చేస్తున్న పని అదే. నీ ఇష్టం అని వదిలేసేవాళ్ళతోనే బేరం సాగదు, ఎందుకంటే అక్కడినుంచి వచ్చేది లాభమైనా నష్టమైనా మొత్తం మన వాటాకే పడుతుంది. అతను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ ఒక కాలు పొట్టిది, కదిలినప్పుడల్లా టక్కుమంటోంది. ఎదురుగా మూసిన తలుపు. తలుపుకి అరచేయి వెడల్పున నిలువుటద్దం, దానికి లోపలినుంచి ఎవరో కాగితం అంటించారు, ఒక మూల జిగురు వదిలి ముడుచుకుంది. వరండా చివర నీళ్ళ యంత్రం గురకపెడుతోంది. ఇప్పుడే తుడిచిన నేల, మందునీళ్ళ వాసన. ఆసుపత్రిలోనూ ఇదే వాసన. ఊరికి ఆ చివర ఒక మంచం చుట్టూ, ఈ చివర ఒక తలుపు ముందర, ఒకే సీసాలోది పోసి తుడిచినట్టున్నారు.

తలుపు అవతల ఉన్నది అన్న కూతురు, ఆర్థిక గణితంలో పీజీ చదువుకి ఆఖరి మెట్టు మీద. రాతపరీక్షలన్నీ గట్టెక్కాయి, ఇక మిగిలింది ఈ వైవా. తను రాసిన పరిశోధన వ్యాసాన్ని పెద్దల ముందు నిలబడి ఒప్పించుకోవాలి. వ్యాసం దేనిమీదో అతనికి బాగా తెలుసు, ఇంట్లో అందరికీ తెలుసు, గిడ్డంగిలో బస్తాలు మోసే పెద్ద హమాలీకి కూడా తెలుసు: పాడైపోయే సరుకు చేతిలో ఉన్నవాడు ఎప్పుడు అమ్మాలి. ఇవాళ అమ్మితే ఇవాళ్టి ధర ఖాయం. ఆగితే ధర పెరగొచ్చు, కానీ ఆగిన ప్రతిరోజూ ఉల్లిపాయ ఎండుతుంది, మొలకెత్తుతుంది, కుళ్ళుతుంది, బస్తా బరువు తగ్గుతుంది. ఆ తగ్గేదాన్ని మండీలో తరుగు అంటారు. ఒక్కసారి అమ్మేశాక వెనక్కి లేదు. మరి ఎప్పుడు? పెద్ద పెద్ద గుర్తులతో, మెలికలు తిరిగిన గీతలతో ఆ పిల్ల రెండేళ్ళు ఈ ఒక్క ముక్కే పట్టుకు కూర్చుంది. మొదట్లో అతను నవ్వాడు. దీనికి చదువెందుకే, పొద్దున్నే మండీకి వస్తే చెవిలో వెయ్యడానికి నలుగురుంటారు. పిల్ల వెంటనే అంది, నలుగురు నాలుగు రకాలు చెప్తారు కదా బాబాయ్, ఇంట్లో మీరిద్దరే రెండు రకాలు. ఆ మాటా నిజమే. అన్నయ్యది ఇచ్చేసే చెయ్యి, నాలుగు రాళ్ళు తక్కువొచ్చినా సరే, సరుకు కదిలితేనే నిద్రపోతాడు. అతనిది ఆగే చెయ్యి. మా తమ్ముడికి బస్సు ఎదురుగా వచ్చి నిలబడినా, వెనకాల ఖాళీది వస్తుందేమో చూద్దామంటాడు, అని అన్న కొట్లో అందరి ముందూ అనేవాడు. అనేవాడు ఏమిటి, అంటాడు. నిన్నగాక మొన్న కూడా అన్నాడు, నర్సు ఇంజక్షన్ తెచ్చినప్పుడు. కాసేపాగి వేయొచ్చు కదమ్మా అని ఇతను నోరు జారితే, ముక్కుకి గొట్టంతో పడుకున్నవాడు కళ్ళతోనే నవ్వి ఆ బస్సు మాట తీశాడు.

జేబులో ఫోను వణికింది. చప్పుడు లేకుండా పెట్టమని ఇందాక అటెండరు చెప్పాడు, అందుకని వణుకు మాత్రమే, ఎడమవైపు గుండె మీద ఎవరో వేలితో గోకినట్టు. తీసి చూస్తే వదినే అయ్యుంటుంది. చూడకపోతే ఎవరైనా కావచ్చు, లారీ డ్రైవరు కావచ్చు, గోనెసంచులవాడు కావచ్చు. వణుకు ఆగింది. అన్న పొద్దున ఏమన్నాడు. ఇతన్ని దగ్గరికి రమ్మని చేత్తో పిలిచి, ముఖం మీది తొడుగు కొంచెం పక్కకి జరిపి, ఒరేయ్ నేనెలాగూ రాలేను, నువ్వెళ్ళి తలుపు బయట కూర్చో, మనవాడొకడు బయట ఉన్నాడంటే దానికి ధైర్యం, అది పని ముగించుకుని వచ్చేదాకా ఇక్కడి కబురేదీ దాని చెవిన వెయ్యకు, అన్నాడు. అని ఊరుకోలేదు. చూపుడువేలు ఒక్కటి పైకెత్తాడు. ఆ వేలు ఎత్తితే ఇక మాటలక్కర్లేదు. గిడ్డంగిలో కాటా దగ్గర అన్న పెట్టిన కట్టుబాటు అది: కాటా మీద సరుకు ఉండగా తూచేవాడితో ఎవరూ మాట్లాడకూడదు. కొనేవాడైనా, అమ్మేవాడైనా, ఇంట్లోంచి కబురొచ్చినా సరే, ముల్లు ఊగడం మాని నిలబడేదాకా ఆ వేలు గాల్లోనే ఉంటుంది. అందరూ నోళ్ళు మూసుకుంటారు. ఆ కాసేపు గిడ్డంగిలో పిచ్చుకలు మాత్రమే మాట్లాడతాయి. ముల్లు నిలిచాక వేలు దించి అంకె చెబుతాడు, ఆ అంకె మీద ఇప్పటిదాకా ఎవడూ తగాదా పడలేదు. అదే కాటా మీద పిల్లని కూడా ఎక్కించేవాడు, ప్రతి పుట్టినరోజుకీ, కొత్త గౌను కుచ్చిళ్ళు పట్టుకుని అది బిగుసుకుని నిలబడేది. ఒకసారి పెద్ద హమాలీ ముల్లు చూసి, అరబస్తా తూగిందండీ, తరుగు ఎంత తీసేయమంటారు అన్నాడు. పిల్ల మూతి ముడిచి, నాకు తరుగు ఉండదు, నేను పెరుగుతా అంది. ఆ రోజు నుంచి దాని పేరు అరబస్తా. కాలేజీ కాగితాల్లో ఏ పేరున్నా మండీలో అదే పేరు, ఇంట్లో అదే పేరు. ఇప్పుడు వదిన ఫోనులో అమ్మాయి అంది గానీ, అన్న అడిగింది మాత్రం అరబస్తా ఏదీ అనే అయ్యుంటుంది.

అడిగాడు. అక్కడే లెక్క తెగడం లేదు. పొద్దున చెప్పింది ఒకటి, ఇప్పుడు అడుగుతున్నది ఒకటి. రెండూ ఒకే నోటి మాటలు. మండీలోనైతే ఇందులో తేల్చుకోవడానికి ఏమీ లేదు, తర్వాత వచ్చిన మాటే మాట. పొద్దుటి ధర పట్టుకుని మధ్యాహ్నం గొడవకి దిగినవాణ్ణి చూసి చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. అతనే ఎంతమందిని అలా నవ్వి పంపలేదు. అయినా ఇప్పుడు పొద్దుటి మాటనే గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు, కుర్చీ కదిలితే చప్పుడవుతుందని కాళ్ళు నేలకి బిగించి మరీ. జ్వరంలో ఉన్న మనిషి ఏదో అడుగుతాడు, అన్నిటికీ పరుగెత్తుతామా. ఇంకాసేపు. అన్న గట్టివాడు. పోయినసారీ డాక్టర్లు ఇలాగే అన్నారు, తెల్లారేసరికి లేచి కూర్చుని కాఫీ అడిగాడు. ఆగితే ఏం పోతుంది, పిల్ల నవ్వుకుంటూ బయటికొస్తుంది, ఆ ముఖంతోనే తీసుకెళ్ళి మంచం పక్కన నిలబెడితే అన్నకి అంతకన్నా మందేముంది. రెండూ దక్కుతాయి. ఆగేవాడి బలహీనత అదే, ఎప్పుడూ రెండూ దక్కేలా కనిపిస్తుంది.

దక్కకపోవడం అతనికి కొత్త కాదు. పెళ్ళి సంబంధాలు వచ్చినన్నాళ్ళు వచ్చాయి. ఒకటి బాగానే ఉంది, ఇంకాస్త మంచిది రాకపోతుందా. ఇంకొకటీ బాగానే ఉంది. తర్వాత్తర్వాత వచ్చేవాళ్ళు తగ్గారు, తర్వాత రావడమే మానేశారు, అన్న ఇంట్లో పైగది అతనిదైపోయింది. ఒకరోజు భోజనాల దగ్గర అరబస్తా పళ్ళెం పక్కకి నెట్టి, బాబాయ్, నీ పెళ్ళికి కూడా మా క్లాసులో లెక్క చెప్పారు అంది. వరసగా వచ్చే సంబంధాల్లో ఇంచుమించు మూడోవంతు ఊరికే చూసి వదిలెయ్యాలట, ఆ తర్వాత వాటన్నిటికన్నా మెరుగైనది ఎదురైన మరుక్షణం సరే అనెయ్యాలట. అందరూ నవ్వారు. అతను, ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదే అన్నాడు. అప్పటికి నేను పుట్టలేదు కదా బాబాయ్ అంది. నవ్వి నవ్వి అన్నకి పొలమారింది, వదిన లేచి నీళ్ళిచ్చింది. అప్పటి దగ్గు కూడా ఈ జబ్బు దగ్గేనా. అప్పుడే చూపించి ఉంటే. ఇలా వెనక్కెళ్ళి సరుకు అమ్మడం పిల్లకి అస్సలు నచ్చదు. మొదటి ఏడాది అది చేసిన తప్పు అదే కదా. గిడ్డంగి పాత ధరలన్నీ కంప్యూటర్లో పోసి, ఏ వారం అమ్ముంటే ఎంత మిగిలేదో లెక్క కట్టింది. లాభం గుట్టలు గుట్టలుగా వచ్చింది. రాత్రికి రాత్రి కోటీశ్వరులమైనట్టు ఇల్లంతా సందడి. తీరా చూపిస్తే వాళ్ళ మేడమ్ ఒకే ఒక ప్రశ్న వేసిందట: సోమవారం అమ్మాలా వద్దా అని తేల్చడానికి శనివారం ధర ఎలా వాడావమ్మా, సోమవారం నాడు నీకు అది తెలుసా? పిల్ల ఇంటికొచ్చి దుప్పటి కప్పుకుని పడుకుంది. అన్న మంచం చివర కూర్చుని, నయమే, శనివారం ధర ముందే తెలిస్తే నేనూ మేడలు కట్టేవాణ్ణి, లేచి అన్నం తిను, అన్నాడు. తర్వాత అదే అతనికి వివరంగా చెప్పింది, మెట్ల మీద కూర్చుని. ఎప్పుడు ఆపాలో తేల్చేవాడు ఆ క్షణందాకా తెలిసినదాంతోనే తేల్చాలి బాబాయ్. రేపటిది తెచ్చి ఇవాళ వాడకూడదు. ఇంకో మాట కూడా చెప్పింది. ఆగడానికి విలువ ఉంటుంది, ఉత్తి ఆశ కాదు, దానికి నిజంగానే ధర కట్టొచ్చు, కానీ గడువు దగ్గరపడేకొద్దీ ఆ విలువ వేగంగా కరుగుతుంది, చివర్లో మరీ వేగంగా. మంచుగడ్డలాగానా అన్నాడు అతను. నీ ఉల్లిపాయల్లాగే అనుకో అంది.

మళ్ళీ వణికింది. ఈసారి చెయ్యి జేబు మీద పెట్టాడు, ఏడ్చే పిల్లని జోకొట్టినట్టు. అప్పుడే అటెండరు చీపురు పట్టుకుని వచ్చాడు, జుట్టు నెరిసిన మనిషి, మనుషుల్ని చూడగానే ఏ రకమో తేల్చేసే కళ్ళు.

"ఏంటి సార్, చెమటలు పట్టాయి. పరీక్ష మీకా, మీ అమ్మాయికా?"

"మా అన్నగారి అమ్మాయి."

"బయటి కాలేజీ నుంచి పెద్దాయనొకడు వచ్చాడు ఇవాళ. తొందరగా వదలడు. టీ తాగి రండి."

"వద్దులే. ఫోనొస్తోంది ఇంటి నుంచి. ఒంట్లో బాలేదు ఒకరికి."

అటెండరు చీపురు గోడకి ఆనించాడు. "అలాంటిదైతే తలుపు కొట్టెయ్యండి సార్. ఏమీ అనరు. మొన్న ఒకబ్బాయికి ఇలాగే కబురొస్తే మధ్యలో పంపించేశారు. వేరే రోజిచ్చారు. మా మేడమ్ మంచిది."

"మళ్ళీ ఇస్తారా?"

"ఎందుకివ్వరు. పరీక్షే కదా."

పరీక్షే కదా. అతను లేచాడు, కుర్చీ టక్కుమంది. ఇంతసేపూ ఒక పళ్ళెంలో రెండేళ్ళ చదువుని పెట్టి తూచాడు, ఆ పళ్ళెంలో ఏమీ లేదని చీపురు పట్టుకున్న మనిషి చెప్పి వెళ్ళిపోతున్నాడు. కొడితే పోయేదేమీ లేదు. ఇంకో రోజు రావడం, అంతే. అతను తలుపు దగ్గరికి నడిచాడు, చెయ్యెత్తాడు, వేళ్ళు మడిచాడు. అద్దం మీద ముడుచుకున్న కాగితం మూలలోంచి లోపల కనిపించింది. పిల్ల బోర్డు దగ్గర ఉంది. ఎడమచేతిలో తుడిచే గుడ్డ, కుడిచేతిలో నల్ల పెన్ను, ఒక పొడుగాటి వరస సగం రాసి ఆగి, తల కొంచెం పక్కకి వంచి ఆలోచిస్తోంది. ముగ్గురు పెద్దవాళ్ళు మాట్లాడకుండా చూస్తున్నారు. ఆ తల వంచడం అచ్చం అన్నదే, ముల్లు ఊగుతుండగా అన్న అలాగే వంచుతాడు. తర్వాత ఆమె ముఖంలో ఏదో వెలిగింది, మళ్ళీ రాయడం మొదలుపెట్టింది, గబగబా, వెనక్కి చూసుకోకుండా. ఇప్పుడు కాదు. ఈ ఒక్క వరస అయ్యాక. వరస అయింది, ఇంకోటి మొదలైంది. అది కూడా అవనీ. మడిచిన వేళ్ళు గాల్లోనే ఉన్నాయి. అన్న చెప్పిందే చేస్తున్నా కదా, కాటా మీద ఉండగా మాట్లాడకూడదు, అని అతని లోపల ఒకడు గొణిగాడు. ఇంకొకడు, ఎన్నో బేరాల్లో ఎదుటివాడి అబద్ధం పట్టేసినవాడు, తన గొంతులోనూ అదే విన్నాడు. చదువు కోసం కాదు. పొద్దుటి మాట కోసం కూడా కాదు. ఈ తలుపు కొడితే పిల్ల బయటికొస్తుంది, ఏమైంది బాబాయ్ అంటుంది, అప్పుడు నాన్న పోతున్నాడు అని అతను నోటితో అనాలి. ఆ మాట అన్నవాడే దాన్ని మొదట వినాలి. ఇంతవరకూ ఆ మాట ఎవరూ అనలేదు, వదిన అనలేదు, డాక్టరమ్మ కూడా పైపైన చెప్పి పోయింది. తలుపు మూసి ఉన్నంతసేపూ ఇది పిల్లకి పరీక్ష ఉన్న మామూలు రోజు, అన్న అక్కడ మంచం మీద పడుకుని దాని కబురు కోసం చూస్తున్నాడు, అంతే. చెయ్యి దించాడు. వెనక్కొచ్చి కూర్చున్నాడు. ఫోను ఇంకోసారి వణికింది. చాలాసేపు వణికింది. ఆ తర్వాత మానేసింది.

మానేశాక వరండా చాలా పెద్దదైపోయింది. నీళ్ళ యంత్రం కూడా గురక ఆపింది. అతను జేబు మీంచి చెయ్యి తియ్యలేదు. మండీలో ఒక ఏడు ఇలాగే అయింది, ధర పెరుగుతుందని అతను పట్టుబట్టి సరుకంతా ఆపించాడు, వానలు పట్టుకున్నాయి, గిడ్డంగి తలుపు తీస్తే వాసన ముఖాన కొట్టింది. అన్న లుంగీ ఎగ్గట్టి లోపలికెళ్ళి, బస్తాలు విప్పి, గట్టివి ఏరి పక్కన పెట్టడం మొదలుపెట్టాడు. ఏరుతూ ఏరుతూ, ఒరేయ్, నువ్వాగింది మనకోసమే కదరా, రా కూర్చో, అన్నాడు. ఆ మాట ఇప్పుడు ఎవరంటారు. కుళ్ళినదాంట్లోంచి గట్టివి ఏరి పెట్టడానికి ఎవరున్నారు. ఇంకో వణుకు వస్తే తియ్యాలి, తప్పకుండా తియ్యాలి, రా, ఒక్కసారి రా, అని జేబుని బతిమాలుకున్నాడు. రాలేదు.

తలుపు తెరుచుకుంది. అరబస్తా వచ్చింది. చేతినిండా నల్ల సిరా మరకలు, ముఖం ఎర్రగా, కళ్ళు పెద్దవిగా.

"అయిపోయింది బాబాయ్. ఒప్పుకున్నారు. ఆ పెద్దాయన తరుగు గురించే తిప్పి తిప్పి అడిగాడు. ఉల్లిపాయలు ఎప్పుడైనా చేత్తో పట్టుకున్నావా అన్నాడు. వాటి మీదే పడుకుని పెరిగానండీ అన్నాను. అందరూ నవ్వారు."

"మంచిదమ్మా."

"నాన్నకి నేనే చెప్తా. నాది ఆఫ్ చేసి సంచిలో పడేశా, నీ ఫోనివ్వు."

అతను ఇవ్వలేదు. ఇవ్వకుండా ఉండనూ లేదు. జేబు మీద చెయ్యి కొంచెం సడలింది, ఆమె నవ్వుతూ వేళ్ళు పెట్టి తీసేసుకుంది, చిన్నప్పుడు బెల్లంముక్క లాక్కున్నట్టు. తెర చూసి, అమ్మ ఇన్నిసార్లు చేసిందేంటి అంది. చెవి దగ్గర పెట్టుకుంది. అమ్మా, నేను, అంది. వింటోంది. మొదట నవ్వు పెదవుల మీదే ఉండిపోయింది, దాన్ని తీసెయ్యాలని తెలియనట్టు. తర్వాత మెల్లగా నోరు మూసుకుంది. సరే అంది. ఇంకోసారి సరే అంది. ఫోను అతని చేతిలో పెట్టింది.

"తొందరేం లేదంట బాబాయ్. నెమ్మదిగా రమ్మంది."

మెట్లు దిగారు. టాక్సీ దొరికింది. బయట ఎండ మామూలుగా ఉంది, కొట్లు తెరిచి ఉన్నాయి, ఒకడు నిచ్చెనెక్కి బల్బు మారుస్తున్నాడు, ఒకావిడ పసిపిల్లకి ఐస్ కొనిపెడుతోంది. వంతెన దగ్గర బళ్ళు ఆగాయి. తొందరేం లేదు. డ్రైవరు హారన్ కొడుతుంటే కొట్టొద్దు బాబూ అన్నాడు అతను. ఆమె ఏడవడం లేదు. వేళ్ళ మీది సిరాని బొటనవేలితో రుద్దుతోంది, అది పోవడం లేదు. అతని వైపు తిరక్కుండానే అడిగింది.

"అమ్మ మొదటిసారి ఎప్పుడు చేసింది?"

జవాబు రెండు రకాలుగా ఉంది. ఇప్పుడే, నువ్వొచ్చే ముందే, అనొచ్చు. వదిన కాదనదు, ఆవిడ తత్త్వం అది. ఆ ఒక్క మాటతో పిల్ల జీవితాంతం అతన్ని బాబాయ్ అనే పిలుస్తుంది, ఎప్పటిలాగే పిలుస్తుంది. అబద్ధపు ధర చెప్పడం చేతకాని మనిషేం కాదు అతను. కానీ అడుగుతున్నది కాటా దగ్గర పుట్టిన పిల్ల. ఇంత తొందరగా అవుతుందని తెలిసుంటే తలుపు కొట్టేవాణ్ణే అనడానికి కూడా లేదు, శనివారం ధర తెచ్చి సోమవారం వాడకూడదు. సోమవారం నాడు తెలిసిందేమిటో అతనికి తెలుసు. రమ్మన్నారని తెలుసు. మళ్ళీ రోజిస్తారని తెలుసు. చాలినంత తెలుసు.

"నువ్వలా లోపలికెళ్ళగానే," అన్నాడు. "నేనే ఎత్తాను. నాన్న నిన్ను అడుగుతున్నారంది."

ఆమె సిరా రుద్దడం ఆపింది.

"అది కాదమ్మా, అన్నయ్య పొద్దున నాతో..."

ఆమె కిటికీ వైపే చూస్తూ, నల్లమరకలున్న చూపుడువేలు ఒక్కటి పైకెత్తింది. తల కొంచెం పక్కకి వంచింది. అతను నోరు మూసుకున్నాడు. బళ్ళు కదిలాయి, టాక్సీ వంతెన దాటింది, ఆసుపత్రి వీధి మలుపు వచ్చింది. వేలు ఇంకా దించలేదు.